నోరులేనమ్మ దిడ్డి

ఆదోనిలో పొద్దుగూకినాక కోట వెనకవైపు ఎవరూ పోరు. పత్తి బండ్లవాళ్లు చుట్టు తిరిగి బజారు మీదుగా పోతారు గాని, ఆ గోడ వారన ఎద్దును కూడా అడుగు పెట్టనివ్వరు. ఎందుకని అడిగితే గొంతు తగ్గించి చెప్తారు... అక్కడ నోరులేనమ్మ ఉంది.

కోట కింది గోడలో మనిషి వంగి దూరేంత చిన్న వాకిలి ఒకటుంది. దాన్నే దిడ్డి అంటారు. తలుపు ఎప్పుడో పోయింది, రాతి చట్రం మిగిలింది. పూర్వం ఏదో దండు కోటను చుట్టుముట్టిన నాడు, నీళ్లకు బయటికి పోయిన ఒక ఆడమనిషి తిరిగొచ్చేసరికి లోపలివాళ్లు దిడ్డి మూసేశారట. ఆమె తలుపు కొట్టింది. పిలిచింది. తెల్లవార్లూ అరిచింది... ఎవరూ తీయలేదు. అరిచి అరిచి నోరే అరిగిపోయిందట. అప్పటినుంచి తల మొదలు కాళ్ల దాకా తెల్లగా, ఆ గోడ వెంట తిరుగుతూ ఉంటుంది. కళ్లుంటాయి. కళ్ల కింద ఏమీ ఉండదు.

చూసినవాళ్లున్నారు. సారాయి మత్తులో దారి తప్పిన బండివాడొకడు చూసి జ్వరంతో మంచం పట్టాడు. పెద్దకడుబూరు రైతొకాయన ఎద్దులను ఉన్నచోటే వదిలేసి బజారు దాకా పరిగెత్తాడు.

అలాంటి చోటికి, పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిదో సంవత్సరం పుష్యమాసంలో, ఉమాదేవి రాత్రిపూట పోయింది. ఎవరూ పంపలేదు. తానే పోయింది.

ఉమాదేవి పత్తి వర్తకుడు బాలకృష్ణయ్య శెట్టి చెల్లెలు. ఆమె భర్తకు బళ్లారిలో ఫోటోల అంగడి ఉండేది. గాజు ప్లేటు బిగించడం, వెలుతురు చూసి లెన్సు మూత తీయడం, ఎర్రదీపం ముందు ప్లేటు కడగడం, అన్నీ ఆమెకు నేర్పి, నిరుడు విషజ్వరంతో పోయాడు. అన్న బళ్లారికి వెళ్లి చెల్లెల్నీ కెమెరా పెట్టెనూ ఒకే బండిలో ఆదోనికి తెచ్చాడు. పెట్టె అటక ఎక్కింది. చెల్లెలు తెల్లచీర కట్టుకొని వంటింట్లో కూర్చుంది.

కొన్నాళ్లకు బళ్లారి నుంచి కబురొచ్చింది. గోషా ఇళ్లల్లో ఆడవాళ్లు మగవాడి కెమెరా ముందు కూర్చోవడం లేదు, ఉమాదేవి వస్తే అంగడి మళ్లీ తెరవొచ్చు అని. ఆమె అన్నను అడిగింది. ఆయన అరుగు మీద నలుగురు వర్తకులతో కూర్చొని ఉన్నాడు.

“చీకటి పడితే పెరట్లోకి పోవడానికి తోడు రమ్మని ఏడ్చేదానివి. బళ్లారిలో ఒక్కదానివి ఎట్లుంటావు?”

“అది చిన్నప్పుడు, అన్నా.”

“ఇప్పుడు ధైర్యమొచ్చిందా? అయితే నోరులేనమ్మ దిడ్డిని రాత్రిపూట ఫోటో తీసుకొని రా. మరుసటి నాడే నేను రైలెక్కిస్తా. తేకపోతే ఆ పెట్టె ఎవరికైనా ఇచ్చేస్తా. మళ్లీ బళ్లారి మాట ఎత్తగూడదు.”

నలుగురూ నవ్వారు. ఆయన కూడా నవ్వించడానికే అన్నాడు.

ఉమాదేవి నవ్వలేదు. అన్న భుజం మీది తువాలు లాగి, తన కుడిచేతి మీద కప్పుకొని, ఆ చెయ్యి ముందుకు చాపింది.

పత్తి బజారులో బేరమంతా తువాలు కిందే. అమ్మేవాడూ కొనేవాడూ గుడ్డ కింద వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటారు. వేళ్లు బిగిశాయంటే బేరం కుదిరినట్టే. ఆ తర్వాత కాదన్నవాడికి మళ్లీ ఆ బజారులో చెయ్యి ఇచ్చేవాడుండడు. ఆడమనిషి తువాలు పట్టగా అంతవరకూ ఎవరూ చూడలేదు.

బాలకృష్ణయ్య నవ్వు సగంలో ఆగింది. వర్తకులు ఆయన చేతినే చూస్తున్నారు. చివరికి ఆయన చెయ్యి తువాలు కిందికి పోయింది.

ఉమాదేవి వేళ్లు బిగించింది.

ఊరు చూపించడానికి ఆదోనిలో ఒక్కడే ఉన్నాడు, తిక్కయ్య. ఫోటోలు తీసుకునే దొరలొస్తే స్టేషను నుంచే వెంటబెట్టుకొని, సగం ఉర్దూ సగం కన్నడం కలిపి కోట కథలు చెప్పి, మళ్లీ రైలెక్కిస్తాడు. ఉమాదేవి ఒక రోజంతా తనకొక్కదానికే చూపించాలని మాట్లాడుకుంది.

“దొరసాని వచ్చినా నువ్వొచ్చినా నా వరస ఒకటే తల్లీ,” అన్నాడు తిక్కయ్య. “ముందు మసీదు, ఆమీట కోట, ఆమీట గుట్ట మీది చెరువు. పొద్దు దిగకముందే ఇంటికి.”

“ఆఖర్న దిడ్డి.”

“పగలు సూపిస్తా.”

“పగలూ చూపించు. రాత్రీ చూపించు.”

శెట్టిగారి ఇంటి ఆడబిడ్డ, తిక్కయ్య కాదనలేక ఒప్పుకున్నాడు.

ఆ రోజు మసీదు మెట్ల దగ్గర, గుట్ట దారిలో, కూలిన బురుజుల దగ్గర ఆమె ఫోటోలు తీసింది. కెమెరాకు మూడుకాళ్ల స్టాండు వేయగానే తిక్కయ్య ఎదురుగా పోయి, తలపాగా సర్దుకొని, బిగుసుకొని నిలబడేవాడు. గోడ ఎంత ఎత్తో తెలియాలని దొరలు అతన్ని అట్లా నిలబెట్టేవాళ్లట. అది అలవాటైపోయింది.

“పక్కకు జరుగు తిక్కయ్యా.”

“నేను ల్యాకుంటే ఇది కోటని ఎట్ల తెలుస్తాదమ్మా?”

దిడ్డి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతను ఎదురుగా పోలేదు. ఆమె వెనకాల, ఆమె నీడలో నిలబడ్డాడు. దిడ్డి ఖాళీగా పడింది ప్లేటు మీద. ముందు మట్టి నేల, పక్కన చదునైన గోడ, అంతే. స్టాండు కాళ్లు ఆనిన చోట ఉమాదేవి మూడు గులకరాళ్లు గుచ్చింది. రాత్రి మళ్లీ సరిగ్గా అక్కడే నిలపడానికి.

తిక్కయ్య నోరులేనమ్మ కథ చెప్పాడు. పగలే అయినా గుసగుసగా చెప్పాడు.

“నీ ఇంటామె ఏమంటుంది ఈ కథ వింటే?”

“ఉరుకుందమ్మా? పత్తి మిల్లులో పని దానికి. పొద్దుపోయి వస్తాది. సచ్చినా గోడెంబడి రావొద్దు, బజారు దారినే రా అని ఒట్టు పెట్టించుకున్నా. రోజూ సెప్తాండా.”

రాత్రయింది. పున్నమికి ఒక్కరోజే తక్కువ. గోడంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దిడ్డి మాత్రం నల్లగా, పన్ను ఊడిన సందులా ఉంది.

“లాంతరు ఆర్పు,” అంది ఉమాదేవి.

“ఆర్పితే ఎట్లమ్మా...”

“దీపముంటే ప్లేటు చెడుతుంది.”

ఆర్పాడు. ఆమె స్టాండు కాళ్లు గులకరాళ్ల మీద ఆనించి, ఊదుబత్తి వెలిగించి నేలలో గుచ్చింది. వెన్నెల్లో ఫోటో ఒక క్షణంలో పడేది కాదు. ఊదుబత్తి చివరిదాకా కాలేంతసేపు లెన్సు తెరిచి ఉంచాలి. అది ఆమె భర్త నేర్పిన లెక్క. అంతసేపూ కెమెరా అదరకూడదు.

నల్లగుడ్డ తల మీదికి లాక్కొని, మూత తీసింది.

దూరంగా ఏదో మోత ఆగిపోయింది. పత్తి మిల్లు. ఆగేదాకా అది వినబడుతున్నట్టే తెలియలేదు. ఇప్పుడు చెవుల్లో ఏమీ లేదు.

కొంతసేపు...

గోడ వారన అడుగులు.

మెత్తగా. మాట లేదు, దగ్గు లేదు, గాజుల చప్పుడు లేదు.

“అమ్మా...” తిక్కయ్య గొంతు దారంలా సాగింది. “సూడొద్దు... అమ్మా, సూడొద్దు...”

ఆ వెంటనే ఏదో కింద పడింది. పరుగెత్తే కాళ్లు. ఆ కాళ్ల చప్పుడు కూడా దూరమైంది.

ఉమాదేవి నల్లగుడ్డ తీయలేదు. దాని అంచు కింది నుంచి చూసింది.

తెల్లగా... గోడ కంటే తెల్లగా. జుట్టు తెల్లన, కనుబొమలు తెల్లన, చేతులు తెల్లన. కళ్లున్నాయి. కళ్ల కింద, ముక్కూ నోరూ ఉండాల్సిన చోట... చదునుగా, ఏమీ లేదు.

దాని వెనక ఇంకొకటి.

దాని వెనక ఇంకొకటి.

భయం వేయలేదని చెప్తే అబద్ధం. కాళ్లు వాటంతటవే వెనక్కి జరుగుతున్నాయి. జరిగితే స్టాండు తగులుతుంది, స్టాండు తగిలితే పటం పోతుంది, పటం పోతే మళ్లీ వంటిల్లు. ఆమె కాళ్లను ఆపింది.

ముందున్నది వచ్చి, కెమెరాకు ఎదురుగా నిలబడింది.

“నోరు లేకపోతే మానె,” అంది ఉమాదేవి. “చెవులున్నాయి గదా. పక్కకు జరుగు. పటానికి అడ్డమొస్తున్నావు.”

తెల్లది కదల్లేదు. నోరు లేని చోటునుంచే, గుసగుసగా ఒక మాట వచ్చింది.

“నువ్వు... మనిషివేనా?”

అప్పుడు అర్థమైంది ఉమాదేవికి. తెల్లచీర, మొహం లేకుండా నల్లగుడ్డ, కాళ్ల దగ్గర ఎర్రగా ఒక నిప్పుకణిక. అవతలివాళ్లు కూడా గడగడ వణుకుతూ నిలబడ్డారు.

ఆమె గుడ్డ తీసేసింది. “మనిషినే. నువ్వు?”

తెల్లది చెయ్యెత్తి, కళ్ల కింద పట్టుకొని లాగింది. మొహం సగం ఊడి కిందికి జారింది. దాని కింద నోరు. వక్కాకు నమిలి పండిన నోరు.

ఉమాదేవి ఆ చేతిని వేలితో తాకింది. వేలికి అంటుకున్నది... పత్తి దూది.

“మిల్లులో దుమ్ము లోపలికి పోకుండా మూతికి గుడ్డ కట్టుకుంటామమ్మా,” అంది ఆమె. వంగి, కింద పడ్డది తీసింది. తలపాగా. వెన్నెల్లో అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది మా ఇంటాయనది గదా. ఈడికెందుకొచ్చినాడు?”

“నువ్వు ఉరుకుందమ్మవా?”

“అవును తల్లీ.”

వెనకాల ఒక చిన్నామె, దేవమ్మ, ముసిముసిగా నవ్వింది. “బజారు దారినే రా అని ఒట్టు పెట్టించుకుంటాడే, ఆయనేనా పారిపోయింది?”

“ఊరుకోయే. నోరులేనమ్మ ఉండాదని ఊరంతా సాటేది ఆయనే గదా. మనకు మేలే సేస్తాండాడు.”

అసలు సంగతి చెప్పారు. బజారు దారిలో సారాయి అంగడి ఉంది. పని దిగి వచ్చే ఆడవాళ్ల కోసం అక్కడ కాచుకొని ఉండే మగవాళ్లున్నారు. ఒకసారి దేవమ్మ కొంగు పట్టి లాగారు. అడిగే దిక్కు లేదు. ఆ మరుసటి నాడు అందరూ గోడవారన వచ్చారు. తాగుబోతు ఒకడు వెంటపడి వచ్చి, వీళ్లను చూసి, కెవ్వున అరిచి పడిపోయాడు. ఆ పొద్దు నుంచి దిడ్డి దాటేదాకా దూది దులుపుకోవడం లేదు, మూతిగుడ్డ విప్పడం లేదు, ఒక్కమాట మాట్లాడటం లేదు.

“ఏ మిల్లు మీది?”

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నువ్వు శెట్టిగారి సెల్లెలివి గదా,” అంది ఉరుకుందమ్మ. “మీ అన్నదే.”

చీకటి పడినాక ఆడవాళ్లను మిల్లులో ఉంచకూడదని చట్టముంది. అందుకే దీపం లేకుండా వెనక గేటు నుంచి పంపేస్తారు. ఎవరైనా చూస్తే శెట్టికి తంటా. శెట్టికి తంటా వస్తే ముందు పోయేది వీళ్ల కూలి.

“మమ్మల్ని ఆ డబ్బాలో పట్టినావా?”

“నడిచేవాళ్లు గాజు మీద పడరు. నిలబడితేనే పడతారు. నువ్వు నా ఎదురుగా నిలబడ్డావు.”

ఉమాదేవి ప్లేటు బయటికి లాగి, వెన్నెల్లో పట్టుకుంది. అంతే, అది పనికిరాకుండా పోయింది.

“ఇంకొకటి ఉంది నా దగ్గర. దిడ్డిని ఉత్తదాన్నే తీసుకుపోతా.”

“వద్దు,” అంది ఉరుకుందమ్మ గబుక్కున. “ఉత్త దిడ్డిని సూస్తే ఆడ ఏమీ ల్యాదనుకుంటారు. రేపు రాత్రికి ఆ తాగుబోతులంతా ఈడనే ఉంటారు.”

పటం లేకపోతే ఉమాదేవికి బళ్లారి లేదు. పటం ఉంటే వీళ్లకు దారి లేదు. ఆమె దిడ్డిని చూసింది. ఉరుకుందమ్మను చూసింది. నవ్వొచ్చింది. చాలా నాళ్లకు వచ్చిన నవ్వు.

“అయితే ఉన్నదాన్నే తీద్దాం. గుడ్డ కట్టుకో. పోయి దిడ్డికి ఈ పక్కన నిలబడు. ఊదుబత్తి సగం కాలేదాకా కదలొద్దు. నేను చెయ్యూపితే ఇవతలికి వచ్చెయ్.”

“సగానికే వస్తే?”

“సగమే పడతావు. నీలోంచి గోడ కనబడుతుంది.”

దేవమ్మ చేత్తో నోరు మూసుకుంది.

ముందు తిక్కయ్య తలపాగా తీసుకొని, ఉమాదేవి తన చేతి మీద కప్పుకుంది. ఉరుకుందమ్మకు చెప్పనక్కరలేదు, రోజూ పత్తి బజారులో చూసేదే. చీరకు చెయ్యి తుడుచుకొని, గుడ్డ కిందికి చాపింది. దూది అంటిన గరుకు వేళ్లు. రెండు చేతులూ బిగిశాయి.

ఉమాదేవి కొత్త ప్లేటు బిగించి, ఇంకొక ఊదుబత్తి గుచ్చింది. తక్కిన ఆడవాళ్లంతా వచ్చి కెమెరా వెనకాల నిలబడ్డారు. ఉరుకుందమ్మ, మిల్లుకు తీసుకుపోయిన సంగటి గిన్నె చేత పట్టుకొనే పోయి దిడ్డి పక్కన నిలబడింది. ఊదుబత్తి సగానికి ఆమె ఇవతలికి వచ్చేసింది. మిగతా సగం కాలేదాకా అందరూ ఊపిరి బిగబట్టి, ఖాళీ దిడ్డిని చూస్తూ ఉండిపోయారు.

మరుసటి రోజు సాయంత్రం, అరుగు మీద అందరూ ఉండగా, ఉమాదేవి పటం తెచ్చి అన్న చేతిలో పెట్టింది.

బాలకృష్ణయ్య చూశాడు. పటం చివర పట్టుకున్న బొటనవేలు తెల్లబడింది. పక్కనున్న వర్తకుడు తొంగి చూసి, దేవుణ్ని తలచుకొని వెనక్కి జరిగాడు. దిడ్డి పక్కన తెల్లగా ఆడమనిషి. నోరు లేదు. కడుపులోంచి గోడరాళ్లు కనబడుతున్నాయి.

“నువ్వు... దీని ముందర నిలబడినావా?”

“నిలబడితేనే గదా పటం వచ్చేది.”

“ఒక్కదానివే?”

“తిక్కయ్యను అడగండి. ఎక్కడి దాకా పరిగెత్తాడో కూడా చెప్తాడు.”

ఆయన పటాన్ని అరుగు మీద బోర్లా పెట్టాడు. తర్వాత మెల్లగా, “ఇట్లాంటిది చూసినాక ఆడది ఇల్లు దాటడం మంచిది కాదు ఉమా. కొన్నాళ్లు పోనీ,” అన్నాడు.

ఉమాదేవి అన్న భుజం మీది తువాలు తీసి, ఆయన ఒళ్లో వేసింది. వర్తకులు తువాలును చూశారు, ఆయన్ను చూశారు.

“రేపు పొద్దున బండికి,” అన్నాడు బాలకృష్ణయ్య.

“ఇంకొక మాట అన్నా. చీకటి పడినాక మనవాళ్లనెవర్నీ ఆ గోడ వైపు పోనీయొద్దు. మగవాళ్లనైతే అసలే వద్దు. పాపం, తట్టుకోలేరు.”

ఆ రాత్రి పెట్టె సర్దుకుంటుంటే పెరటి తలుపు దగ్గర ఉరుకుందమ్మ వచ్చి నిలబడింది. ఇంకా దూది దులుపుకోలేదు.

“పోయే ముందు ఒక్కసారి సూపించమ్మా. నా మొగం నేనెప్పుడూ పటంలో సూసుకోల్యా.”

ఉమాదేవి ఇంకొక అచ్చు తీసి, దీపం దగ్గరికి పట్టింది. ఉరుకుందమ్మ వంగి చూసింది. నవ్వింది.

“గిన్నె ఉండాది సేతిలో. ఇది నేనే.” నవ్వు ఆగింది. “మరి ఈమెవరు?”

“ఎవరు?”

“ఈ పక్కన... కూసోని ఉండాది సూడు.”

దిడ్డికి అవతలి పక్క, గోడకు ఆనుకొని ఏదో ఉంది. ఉమాదేవి పొద్దున్నే చూసింది దాన్ని. “అది రాయి.”

“ఆడ రాయి ల్యా. రోజూ పోయే దారి, నాకు తెలవదా?”

ఉమాదేవి పెట్టెలోంచి పగటి పటం తీసి, రెండూ పక్కపక్కన పెట్టింది. అదే చోటు, అవే గులకరాళ్ల మీద నిలిపిన కెమెరా. పగటి పటంలో మట్టి నేల, చదునైన గోడ. రాయి లేదు.

“మీలో ఎవరైనా కూర్చున్నారా?”

“మేమంతా నీ యెనకాల్నే ఉంటిమి గదమ్మా.”

దీపం వత్తి పెంచింది. మోకాళ్ల మీద చేతులు. పక్కన కడవ. ఉరుకుందమ్మలోంచి గోడ కనబడుతోంది. ఈమెలోంచి కనబడటం లేదు. మూత తీసిన దగ్గరనుంచి మూసేదాకా, కదలకుండా ఉన్నవాళ్లు మాత్రమే అంత గట్టిగా పడతారు.

మూతికి గుడ్డ లేదు. నోరుంది. ఎవరినో పిలుస్తున్నట్టు తెరుచుకొని ఉంది.

ఉరుకుందమ్మ రాత్రి పటాన్ని చేతిలోకి తీసుకుంది.

“ఇంక ఆ దారిన పోవద్దులే ఉరుకుందమ్మా.”

ఉరుకుందమ్మ పటాన్ని ఇంకొకసారి చూసి, తిరిగి ఇచ్చేసింది.

“ఇన్నేండ్లూ ఆ యమ్మ పక్కనించే పోయినాము. ఏం జేసింది మమ్మల్ని? తలుపు తియ్యనోళ్లు ఎవరో, పాపం తిరిగేది ఈమె.” మూతిగుడ్డ మీదికి లాక్కుంది. “రేపు దాటేటప్పుడు నేనే పిలుస్తా. రాయే, పని దిగినాము, ఇంటికి పోదామని.”

గిన్నె చంకన పెట్టుకొని, దిడ్డి దారినే పోయింది.